ఓడెక్కిన తాత, ఊళ్లో ఉండిపోయిన తాత

తద్దినం పెట్టించే పురోహితుడు అడిగేది మూడు తరాల పేర్లు. తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. ముత్తాత పేరు దగ్గరికొచ్చేసరికి చాలామంది పక్కనున్న బాబాయి వైపు చూస్తారు. తండ్రికి నాయనమ్మ పేరు అడిగితే ఆ బాబాయి కూడా దిక్కులు చూస్తాడు. నాలుగో తరం పేరు పురోహితుడు అడగడు, మనం చెప్పం.

ఇంత పొట్టి జ్ఞాపకం ఉన్న మనకి ఈ మధ్య పూర్వీకుల మీద ఆసక్తి పుట్టుకొచ్చింది. అమెరికాలో స్కూలు పిల్లాడికి ఫ్యామిలీ ట్రీ గీసుకు రమ్మని హోంవర్కు ఇస్తే, ఇక్కడ నరసరావుపేటలో తాతగారి ఫోన్ మోగుతుంది. డర్బన్ నుంచి వచ్చిన నాయుడుగారు చేతిలో ఒక ఓడ జాబితా నకలు పట్టుకుని శ్రీకాకుళం బస్టాండులో దిగి, ఫలానా ఊరెక్కడని అడుగుతాడు. ఇద్దరికీ కావలసింది ఒకటే. దారులు మాత్రం వేరు. వంశం జాడ తీయడానికి తెలుగువాడికి ఏయే కాగితాలున్నాయి, అవి ఎంతవరకు నిజం చెబుతాయి, ఎక్కడ దారి తప్పిస్తాయి అన్నది ఒక్కసారి కలిపి చూద్దాం.

ముందే ఒక మాట అనుకోవాలి. మనిషిని గుర్తుపెట్టుకుందామని ఏ సర్కారూ కాగితం రాయలేదు. శిస్తు కావలసినప్పుడు రాసింది, కూలీ కావలసినప్పుడు రాసింది, తగవు వచ్చినప్పుడు రాసింది. అందుకే మీ ముత్తాత జాడ ఎక్కడ దొరుకుతుందో తెలియాలంటే, ఆయన దగ్గర ఎవరికి ఏం కావలసివచ్చిందో ముందు ఆలోచించాలి.

ఓడల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ కాగితం దండిగా ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. దాంట్లో 342 మంది. అప్పటినుంచి 1911 దాకా, మధ్యలో 1866 నుంచి 1874 వరకు వలస ఆగిపోయిన కాలం పోను, నటాల్ చెరకు తోటలకీ, గనులకీ, రైలు పనులకీ ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు.

వీళ్లలో ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఎవరి తోటలో పనికి పెట్టారు అన్న వివరాలు. పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తాయని గాట్లూ పుట్టుమచ్చలూ రాసుకున్నారు. ఈ జాబితాలన్నీ డర్బన్‌లో పరిశోధకులు కంప్యూటర్‌కి ఎక్కించారు కాబట్టి, నంబరు తెలిస్తే చాలు, మనిషి దొరుకుతాడు. నంబరు ఎక్కడుంటుంది? పెళ్లి రిజిస్ట్రేషన్‌లో, పిల్లల జనన పత్రంలో, మరణ పత్రంలో. ఒప్పందం అయిదేళ్లకే తీరినా ఆ నంబరు చచ్చేదాకా వదల్లేదు.

ఇక్కడొక వింత. 1890లో విజయనగరం దగ్గర ఏదో పల్లెలో భూమిలేని ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి. తమ్ముడు మేస్త్రీ మాట విని మద్రాసు డిపోకి పోయి ఓడెక్కాడు. అన్న ఊళ్లోనే పాలికాపుగా ఉండిపోయాడు. నూట ముప్పై ఏళ్ల తర్వాత చూస్తే, తమ్ముడి ఎత్తు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలో, ఏ కంటి పక్కన గాటు ఉందో మనకు తెలుసు. అన్న ఉన్నాడని చెప్పడానికి చిన్న చీటీ కూడా లేదు. ఊరు విడిచినవాడికి చరిత్ర మిగిలింది, ఊరిని నమ్ముకున్నవాడికి మిగల్లేదు. వంశవృక్షాల పనిలో దిగినవాళ్లు ఎవరైనా ముందో వెనకో ఈ గోడకి తగులుకుంటారు.

ఓడ జాబితా దొరికాక పని అయిపోయిందనుకుంటే పొరపాటు. అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి. జాబితాలో ‘గంజాం జిల్లా, చికాకోల్’ అని ఉంటే పటంలో గంజాం చూసుకుని ఒడిశా బయల్దేరకూడదు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో వేరే జిల్లా అయింది. విజయనగరం 1979లో జిల్లా అయింది. అనకాపల్లి, పార్వతీపురం మన్యం 2022లో వచ్చాయి. అలాగే ‘ఉత్తర ఆర్కాటు’ అనగానే తమిళుడని తీర్మానించడానికీ లేదు. 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా చంద్రగిరి, పలమనేరు, కాళహస్తి వైపు పల్లెలన్నీ ఆ జిల్లా కిందే ఉండేవి. ‘మద్రాసు’ అన్నది రేవు పేరే తప్ప ఊరి పేరు కాదు. మా తాతలది మద్రాసు అని నాలుగు తరాలుగా చెప్పుకుంటున్న కుటుంబాలు ఎన్నో. ఆ తాత మద్రాసులో ఉన్నది ఓడ వచ్చేదాకా డిపోలో కూర్చున్న కొద్ది రోజులే కావచ్చు.

ఊరి పేరు సంగతి ఇంకా ఘోరం. రాసినవాడికి తెలుగు రాదు, చెప్పినవాడికి ఇంగ్లీషు రాదు. మధ్యలో దుబాసీ. కొత్తవలసలూ రామవరాలూ ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. తాలూకా కాలమ్ చదవగలిగితేనే ఆశ.

పేర్లలో మాత్రం కొంత వెలుగుంది, అది మనవాళ్లే పట్టగలరు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసమ్మ అన్న పేర్లు కనిపిస్తే సింహాచలం కొండ కనుచూపు మేరలో ఉన్నట్టే. పైడయ్య, పైడితల్లి ఉంటే విజయనగరం వైపు చూడాలి. నూకరాజు, నూకాలు ఉంటే అనకాపల్లి నూకాలమ్మ గుర్తుకు రావాలి. మునెయ్య, మునెమ్మ, చెంగయ్య అయితే చిత్తూరు, నెల్లూరు దిక్కు. ఇది రుజువు కాదు, వాసన మాత్రమే. కానీ ఆర్కైవ్స్‌లో కూర్చున్న పరాయి దేశపు పండితుడికి ఈ వాసన అందదు.

కులం కాలమ్‌ని అంతగా నమ్మక్కర్లేదు. డిపోలో ఏది చెబితే తీసుకుంటారో అది చెప్పినవాళ్లున్నారు. నాయుడు, రెడ్డి అన్న పేర్లు దక్షిణాఫ్రికాలో ఇంటిల్లిపాదికీ చివరిపేరుగా స్థిరపడిపోయాయి. వాటిని పట్టుకుని వెనక్కి పోతే ఏ ఊరూ రాదు. అన్నిటికంటే పెద్ద లోటు, ఓడ జాబితాలో ఇంటిపేరు లేదు. తెలుగు పల్లెలో మనిషిని గుర్తుపట్టేదే ఇంటిపేరుతో. డర్బన్ నుంచి వచ్చినాయన ‘అప్పన్న కొడుకు రామన్న వారసుణ్ని’ అంటే రచ్చబండ మీద పెద్దలు ఏం చేస్తారు? ఆ ఊళ్లో ప్రతి మూడో ఇంట్లోనూ అప్పన్న ఉన్నాడు. అదే ఇంటిపేరు చెబితే, ఆ వీధి చివరి పెంకుటిల్లని చెయ్యి చూపిస్తారు. పరాయి గడ్డ మీద పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఇంటిపేరు అడిగే అలవాటు ఏ ముసలమ్మ పుణ్యాన మిగిలిందో, ఆ కుటుంబానికి సగం దారి తెరిచి ఉన్నట్టే. కాగితానికి ఊరు తెలుసు, ఇంటిపేరు తెలియదు. ఇంటి జ్ఞాపకానికి ఇంటిపేరు తెలుసు, ఊరు తెలియదు. ఈ రెండూ ఒకచోట కలిసిన నాడే పూర్వీకుడు దొరుకుతాడు.

ఉత్తరాదివాళ్లకు ఈ విషయంలో మనకంటే కథలెక్కువ. ఫిజీ ప్రధానిగా పనిచేసిన మహేంద్ర చౌదరి హర్యానాలోని బహు జమాల్‌పూర్‌లో తన తాతగారి బంధువులను కలుసుకున్నారు. ట్రినిడాడ్ ప్రధాని కమలా పర్సాద్ బిసేసర్ 2012లో బీహార్‌లో బక్సర్ దగ్గరున్న భేలుపూర్‌కి వచ్చారు. కలకత్తా నుంచి ఫిజీ వెళ్లిన 45,439 మంది వలస పాసులను కంప్యూటర్ మీద లెక్కగట్టి బ్రిజ్ లాల్ 1983లో ‘గిర్మిటియాస్’ పుస్తకం వేశారు. అదే ఫిజీకి 1903 నుంచి మద్రాసు ద్వారా వెళ్లిన మరో పదిహేను వేల మంది దాకా ఉన్నవాళ్ల మీద ఆ స్థాయి పని తెలుగులో జరగవలసే ఉంది. ఆ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

మారిషస్ మాట చెప్పుకోవాలి. 1834 నుంచి ఆ దీవికి దాదాపు నాలుగున్నర లక్షల మంది కూలీలు వెళ్లారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల తర్వాతి వాళ్లలో చాలామందికి ఫొటోలు కూడా ఉన్నాయి. అప్పట్లో మనవైపు ఫొటో అంటే జమీందార్లకే! అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1839 తుపానుకు దెబ్బతిన్న ఆ రేవు పేరు సముద్రం అవతల ఒక జాతికే పేరైంది. ఫ్రెంచివాళ్ల రీయూనియన్ దీవికి యానాం నుంచి 1820ల చివర్లోనే కూలీలు వెళ్లారు. యానాం వాళ్లకు ఒక సదుపాయం ఉంది. ఫ్రెంచి పద్ధతిలో అక్కడ జనన, వివాహ, మరణాలు మునిసిపాలిటీ పుస్తకాల్లో రాసేవారు. ఆ పాత పుస్తకాల నకళ్లు ఫ్రాన్స్‌లోని ఎక్స్ నగరంలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. గోదావరి పాయకు ఈవలి ఒడ్డు తాతకి ఏమీ లేదు, ఆవలి ఒడ్డు తాతకి పెళ్లినాటి సంతకం కూడా ఉంది.

మరి తెలుగువాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వెళ్లిన రంగూన్? అక్కడ కాగితమే లేదు. ఒప్పంద పత్రాలు లేని వలస అది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, కాకినాడలోనో విశాఖలోనో టికెట్టు కొని ఓడెక్కించేవాడు. 1930లో రంగూన్ రేవులో కోరంగీ కూలీల మీద దాడులు జరిగినప్పుడు గానీ, 1942లో జపాన్ బాంబులకు వేలమంది కాలినడకన వెనక్కి వచ్చినప్పుడు గానీ పేర్లు రాసుకున్నవాడు లేడు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేటపేరే వాళ్ల రికార్డు. రంగూన్ తాతల కుటుంబాలు మనీఆర్డరు రసీదుల మీదా, ఉత్తరాల మీదా, టేకు పెట్టెల మీదా ఆధారపడవలసిందే.

ఆడవాళ్ల జాడ ఇంకా సన్నం. ఓడల్లో నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లుండాలని నిబంధన. అందువల్ల ఒంటరిగా వెళ్లిన స్త్రీలకు విడిగా పాసులు, వాటిలో విడిగా పేర్లు ఉన్నాయి. గాయత్రా బహదూర్ తన ముత్తవ్వ సుజారియా 1903లో కలకత్తా నుంచి క్లైడ్ అనే ఓడలో, గర్భవతిగా, ఒంటరిగా బ్రిటిష్ గయానా వెళ్లిందని కాగితాల్లో చూసి ‘కూలీ వుమన్’ అనే పుస్తకం రాశారు. ఎందుకు వెళ్లిందో మాత్రం ఏ కాగితమూ చెప్పలేదు. అది చెప్పనందువల్లే ఆ పుస్తకం అంత నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. ఇక్కడ ఊళ్లో ఉన్న స్త్రీ పెళ్లవగానే ఇంటిపేరు పోగొట్టుకుంటుంది, అత్తవారింట పేరే మార్చేస్తే అదీ పోతుంది. మొదటి సార్వత్రిక ఎన్నికల నాడు దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పక, ‘ఫలానా వాడి భార్య’, ‘ఫలానా వాడి తల్లి’ అని రాయించుకుని ఓటర్ల జాబితాలోంచి పోయారు.

సరే, ఊళ్లో ఉండిపోయిన తాతకి ఏముంది? భూమి ఉంటే ఉంది. బ్రిటిష్ ఆంధ్రలో ఇనాం భూములున్న కుటుంబాలది అందరికంటే మెరుగైన స్థితి. 1858 తర్వాత ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి, ఈ మాన్యం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు ఆయనకేమవుతాడు అని అడిగి రాసింది. అదే ఇనాం ఫెయిర్ రిజిస్టర్. పూజారికీ కరణానికే కాదు, మంగలికీ చాకలికీ వెట్టివాడికీ సర్వీసు ఇనాములుండేవి కాబట్టి, ఆ పుస్తకంలో ఊరి చేతివృత్తులవాళ్ల పేర్లూ దొరుకుతాయి. రైత్వారీ గ్రామాలకైతే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఉంది. తాలూకా కచేరీల్లో డైగ్లాట్ అంటారే, ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉన్న పుస్తకం, అది. దాంట్లో ఇంటిపేరుతో సహా పట్టాదారు పేరుంటుంది. కానీ ఓడలకు మనుషుల్ని ఎక్కువగా ఇచ్చిన ఉత్తరాంధ్ర చాలావరకు జమీందారీ. అక్కడ రైతుల లెక్కలు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాల కచేరీల్లో ఉండిపోయాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత గానీ సర్కారీ సెటిల్‌మెంట్ రాలేదు. ఎవరికి అవసరమో వాళ్లకే లేకపోవడమంటే ఇదే.

తెలంగాణలో పేర్లు వేరు, తీరు అదే. భూమి లెక్కలకు సేత్వార్, పహాణీ, వసూల్ బాకీ, ఇనాములకు మున్తఖబ్. 1954-55 నాటి ఖాస్రా పహాణీని కోర్టుల్లో ఇప్పటికీ పట్టుకు తిరుగుతున్నారు. అంతకు ముందువన్నీ ఉర్దూ, ఫార్సీ. ఆ షికస్తా రాత చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. ఆంధ్ర కరణాల గొలుసుకట్టు రాతదీ అదే గతి. అక్షరం మీద కలం ఎత్తకుండా రాసిన ఆ తెలుగు, తెలుగు ఎమ్మేలకి కూడా కొరుకుడు పడదు.

నన్నడిగితే, అన్ని కాగితాల్లోకీ రసవత్తరమైనది భాగపరిష్కార దస్తావేజు. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు రాసుకున్న పంపకాల పత్రంలో తండ్రి, తాత, అన్నదమ్ములు, చనిపోయిన అన్న భార్య, ఆమె మైనరు పిల్లలు, పెళ్లి కావలసిన చెల్లెలి కోసం అట్టేపెట్టిన ఎకరం, అమ్మ మనోవర్తి, పెరట్లో చింతచెట్టు ఎవరిది, నూతిలో నీళ్లు ఎవరు ఎప్పుడు తోడుకోవాలి, అన్నీ ఉంటాయి. ఇంటిపేరుతో మొదలై సాక్షుల నిశానీలతో ముగుస్తుంది. ఓడ జాబితాలో లేనిదంతా దీనిలో ఉంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నకలు దొరకాలంటే ఇంచుమించు సంవత్సరం తెలియాలి. ఆ లెక్కకు రెండు కిటుకులు. ఫసలీకి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్ల తేడా రావచ్చు. ప్రభవ 1867లో వచ్చింది, 1927లోనూ వచ్చింది. ‘ధాత కరువులో మా తాత పుట్టాడు’ అని ఇంట్లో చెప్పుకుంటే ఆ ధాత 1876 అని తేల్చుకోవచ్చు. కరువు తోడుగా ఉంది కాబట్టి.

జనన మరణాల రిజిస్టర్లలో బిడ్డ పేరు గడి తరచు ఖాళీగా ఉంటుంది, నామకరణానికి ముందే రాస్తారు గనక. జనాభా లెక్కలు ఉపయోగపడవు. ఇంగ్లండులో వందేళ్లు దాటగానే 1921 లెక్కల పేజీలు 2022లో జనానికి తెరిచారు. మన 1948 జనగణన చట్టం ప్రకారం ఆ రికార్డులు ఎవరికీ చూపించరు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు పాత లెక్కలన్నీ తాలూకా కచేరీకి చేరాయని అంటారు. కరణాల ఇళ్ల అటకల మీద ఉండిపోయిన కవిలెకట్టలెన్నో ఆ ఇళ్లవాళ్లకే తెలియాలి. రెండు వందల ఏళ్ల కిందట మెకంజీ దొర కావలి సోదరుల సాయంతో సేకరించిన కైఫియత్తులకి, అంటే ఊళ్ల చరిత్రలకి, మూలం అలాంటి కరణాల దండకవిలెలే. కరణాల వంశాలకీ పాళెగాళ్లకీ గుళ్ల మాన్యాలకీ కైఫియత్తులు పనికొస్తాయి. సామాన్యుడి పేరు అక్కడ ఉండదు.

అతను ఉన్నది వేరేచోట, నోటి మీద. రెడ్ల ఇళ్ల ముందు గోత్రాలూ ఇంటిపేర్లూ ఏకరువు పెట్టే పిచ్చిగుంట్లవాళ్లు, పద్మశాలీల్ని ఆశ్రయించుకున్న కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. వాళ్లు చెప్పే వంశాల పైతరాల్లో దేవుళ్లే ఉంటారు, పొగడ్తే ఉంటుంది. కిందికొచ్చాక మాత్రం, ఏ శాఖ ఏ ఊరు లేచిపోయిందో సంభావన ఇచ్చిన ఇంటిని బట్టి వాళ్లకి కచ్చితంగా తెలుసు. భుక్తి ఆధారపడిన జ్ఞాపకం అది. కాశీ, గయ పండాల బహీలు, అంటే యాత్రికుల వంశాలు రాసుకునే పుస్తకాలు, కూడా అలాంటివే. యాత్రకు పోయిన తాత తన చేత్తో వంశం రాసి సంతకం పెట్టి ఉంటే ఇంతకంటే ఏం కావాలి? హరిద్వార్ బహీలను అమెరికాలోని యూటా వంశావళి సంఘం వాళ్లు 1970ల చివరినుంచి మైక్రోఫిల్ము తీశారు. గుళ్లోకే రానివ్వని కులాలవాళ్లకి పండా బహీ ఎక్కడిది? వాళ్లకి తరచుగా మిగిలింది చర్చి రిజిస్టరే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆధ్వర్యంలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ధాత కరువు వెన్నంటే వచ్చిన రోజు అది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరణం లెక్కల్లో లేని మనుషుల్ని పేరుపెట్టి పిలిచి రాసుకున్న పుస్తకాలు మిషన్ల దగ్గరున్నాయి.

డీఎన్ఏ పరీక్షలు దూరపు చుట్టాల్ని చూపిస్తాయి. ఊరినీ ఇంటిపేరునీ చూపించవు. డబ్బులుంటే చేయించుకోండి, దానికోసం అప్పు చేయొద్దు.

చివరగా ఒక విన్నపం. ఇంట్లో ట్రంకుపెట్టెలో పాత దస్తావేజో రంగూన్ ఉత్తరమో ఉంటే, ముందు పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీయండి. స్టాంపు మీద ఉన్న ముద్రలు, వెనక వైపు గొలుసుకట్టులో రాసిన రెండు పంక్తులు కూడా రావాలి. ఇంట్లో పెద్దావిడ ఉంటే పక్కన కూర్చుని పుట్టింటివారి ఇంటిపేరు, ఆమె తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఊళ్లు అడిగి తేదీ వేసి రాసుకోండి. కాగితాన్ని నూలు గుడ్డలో చుట్టి తేమ తగలని చోట పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి సిరా పాడవుతుంది, ఆ ప్లాస్టిక్‌ని మళ్లీ ఊడదీయలేరు.